జ్ఞానతల్లి

"నువ్వెందుకు లేసినావక్కా?"

ఫోన్లో కరుణ మళ్ళీ అదే మాట అడిగింది.

కృపమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. చర్చికి కట్టుకుపోయిన చీర ఇంకా మార్చుకోలేదు. పొయ్యి మీద కోడికూర చల్లబడి పైన నూనె పేరుకుంది. పక్కగదిలో దీవెన ఉంది. తలుపు మూసి ఉంది గానీ గడియ పెట్టలేదు. గడియ పెట్టి ఉంటే బాగుండేదనిపించింది కృపమ్మకు. గడియ పెట్టిన తలుపు ముందు నిలబడి బతిమాలవచ్చు, తిట్టవచ్చు, ఏడవవచ్చు. ఊరికే దగ్గరికి వేసిన తలుపుని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

"ఆ ముసలాయన పిలిస్తే పిలిచినాడు. నువ్వు కదలకుండా కూచోనుంటే ఆ మాట గాల్లో పోయేది గదా."

"కాళ్ళు లేసినాయి, కరుణా."

"కాళ్ళు లేసినాయంట." అవతల కరుణ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "నాకూ కాళ్ళుండాయక్కా. రాత్రంతా వార్డులో తిరిగి వాసిపోయినాయి. అవి చెప్పినట్లు నేను వింటే ఎప్పుడో యాడికో పోయుందును."

పొద్దున జరిగింది చూస్తే చాలా చిన్న సంగతి. నెల మొదటి ఆదివారం ఆరాధన చివర్లో, ఆ నెలలో పుట్టినరోజులున్నవాళ్ళను ముందుకు పిలిచి ప్రార్థన చేయడం నంద్యాలలో ఆ సంఘానికి పాత అలవాటు. ఊళ్ళో లేని పిల్లల తరఫున తల్లులు వచ్చి నిలబడతారు. కువైట్‌లో ఉన్న కూతురి కోసం ఒకామె, బెంగళూరులో ఉన్న కొడుకు కోసం ఒకామె. జూలై నెలలో దీవెన కోసం కృపమ్మ. పద్దెనిమిదేళ్ళుగా ఒక్క ఏడాది కూడా తప్పలేదు. ఐర్లండులో ఉన్న చెల్లెలు కరుణకు ఈ సంగతి ఇవాళ కృపమ్మే చెప్పేదాకా తెలియదు. సంఘంలో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే దాని గురించి ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఈ ఏడు దీవెన తానే వచ్చింది. ఫిజియోథెరపీ చదివే పిల్లలను ఇంటర్న్‌షిప్‌కు ఏదైనా వేరే దేశం ఎంచుకోమంటే, మిగతావాళ్ళు సముద్రపొడ్డు ఊళ్ళు ఎంచుకున్నారు. దీవెన తాను పుట్టిన ఊరిని ఎంచుకుంది. పెద్దమ్మ ఇల్లుంది కదా, భయమెందుకని కరుణను ఒప్పించింది. నంద్యాల ఆసుపత్రిలో పని. సోమవారం, గురువారం ఆళ్ళగడ్డ శిల్పుల షెడ్లకు వెళ్ళి, రాతిధూళి పీల్చేవాళ్ళ ఊపిరి కొలవాలి.

ఈసారి మాత్రం ముందుకు వెళ్ళకూడదని కృపమ్మ గట్టిగా అనుకుంది. వారం ముందు నుంచీ అనుకుంటూనే ఉంది. ఆ మాట సంఘపెద్ద సాల్మన్ రాజు చెవిన వేయాలని మాత్రం తోచలేదు. తోచలేదో, తోచనివ్వలేదో ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

సాల్మన్ రాజు మైకు పట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, ఎంతో సంతోషంగా అన్నాడు. "ఏటేటా కృపమ్మ ఒక్కతే వచ్చి నిలబడేది. ఈ ఏడు దేవుడు బిడ్డను కండ్ల ముందరికి తెచ్చినాడు. తల్లీబిడ్డలు ఇద్దరూ ముందరికి రాండి."

కృపమ్మ లేచింది. కాసేపటికి దీవెన కూడా లేచి, వచ్చి పక్కన నిలబడి, తల వంచింది. ప్రార్థన అయింది. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా ఆ పిల్ల నోరు విప్పలేదు.

"తినిందా?" అంది కరుణ.

"లేదు."

"ఆకలైతే దానికి తలనొప్పి వస్తాది. అన్నం ఒద్దంటే పెరుగులో చక్కెర ఏసియ్యి. తింటాది."

కృపమ్మ ఊఁ అంది. పెరుగులో చక్కెర సంగతి ఆమెకు తెలియదు. ఆరువారాలుగా ఒకే ఇంట్లో ఉంటున్నా తెలియదు. తెలియదన్న సంగతి ఆ ఊఁతోనే కరుణకు తెలిసిపోయిందని అర్థమైంది.

"అక్కా, అమ్మ మంచం కాడ బైబిలు మీద చెయ్యి పెట్టి ఏం చెప్పినావో గుర్తుండాదా?"

"ఉండాది."

"ఏం చెప్పినావ్?"

"దీవెన నీ బిడ్డ అని."

"నా కడుపులో మూడుసార్లు నిలవలేదని, నీ ఒళ్ళో రూబెనూ ఇదీ ఇద్దరుండారని, అమ్మ అడిగితే ఇచ్చినావ్. నేను లాక్కోలే. కాళ్ళు పట్టుకోని తీసుకున్నా. ఇచ్చినాక మళ్ళీ ఏటేటా దేవుని ముందర పోయి నా బిడ్డ అని చెప్పుకుంటాంటివా? నా ఎనకాల?"

"ప్రార్థనే గదా కరుణా చేయించింది."

"ప్రార్థన నేనూ చేయిస్తాండా. నా బిడ్డకు నేను చేయిస్తా. నువ్వేం చేసినావో నీకే తెలుసు." కరుణ గొంతు తగ్గింది. తగ్గితేనే కృపమ్మకు భయం. చిన్నప్పటి నుంచీ అంతే. "ఇప్పుడు నేను చెప్పినట్లు చెయ్యి. నువ్వు దాని జ్ఞానతల్లివని చెప్పు. బాప్తీస్మం నాడు ఎత్తుకోని నిలబడింది నువ్వేనని, అందుకే పెద్దాయన తల్లీబిడ్డలన్నాడని చెప్పు. ఆయమ్మి నమ్ముతాది. ఈడ దాని స్నేహితులకు కూడా జ్ఞానతల్లులుండారు."

"జ్ఞానతల్లివి నువ్వు గదా."

"అందుకే చెప్తాండా. అటుది ఇటు చెయ్యి. అంతే గదా."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట వంటింట్లోనే ఉండిపోయింది. కన్నది కృపమ్మ. బాప్తీస్మపు నీళ్ళ దగ్గర బిడ్డను ఎత్తుకుని, లోకాన్నీ సాతానునీ విసర్జిస్తున్నానని బిడ్డ తరఫున పలికింది కరుణ. ఒక్క అబద్ధంతో ఇద్దరూ ఒకరి చోట్లోకి ఒకరు వెళ్ళి నిలబడాలి. పద్దెనిమిదేళ్ళుగా నిలబడే ఉన్నారు కదా, మాటలో కూడా నిలబడితే ఏం పోయింది?

ఏదో పోతుంది. అదేమిటో ఆమెకు పేరు తెలియదు.

* * *

సాల్మన్ రాజు నాలుగింటికి వచ్చాడు. చేతిలో అరటిపళ్ళు. ఇంట్లో పరిస్థితి ఆయనకు ఎవరో చెప్పినట్టున్నారు. వాకిట్లోనే చెప్పులు విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

కృపమ్మ భర్త ఫ్రాన్సిస్ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఎదుటివాడు కూర్చునేదాకా తాను మాట మొదలుపెట్టడు. కుర్చీ చూపించాడు.

"ఏందన్నా, పొద్దున అట్ల చేస్తివి?"

"ఏం చేస్తినప్పా? నాకేం తెలుసు, మీరు ఆ బిడ్డకు చెప్పలేదని?"

"ఇంత వయసొచ్చె. ఒక మాట మమ్మల్ని అడిగుంటే అయిపోయేది గదా."

"అడిగేదేముండాది? ఊరంతా ఎరిగిందే." సాల్మన్ రాజు పళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఫ్రాన్సిసూ, ఆ బిడ్డకు బాప్తీస్మం ఇచ్చేటప్పుడు ఫాదిరికి నీళ్ళు అందిచ్చింది నేను. నా చేతులతో."

"సరే. అయిందేదో అయిపాయ. ఇప్పుడు లోపలికి పోయి, వయసైపోయిందమ్మా, ఒకరనుకోని ఒకరిని పిలిచినా అని ఒక మాట చెప్పు. అయిపోతాది."

సాల్మన్ రాజు ఫ్రాన్సిస్ ముఖం వంక చూశాడు. తర్వాత కృపమ్మ వంక చూశాడు. ఆమె తల తిప్పుకుంది.

"దేవుని మందిరంలో మైకులో చెప్పిన మాటప్పా అది. ఇంటికొచ్చి అరటిపండ్లు ఇచ్చి మార్చుకోమంటావా?"

"నీ మాట నిలబడాలని మా ఇల్లు కూలిపోవాల్నా?"

"నా మాట కూల్చే ఇల్లయితే, అది కట్టినోళ్ళను అడగాల. నన్ను కాదు." ఆయన లేచాడు. సంచి కుర్చీలో పెట్టాడు. "కృపమ్మా, నువ్వెందుకమ్మా నాకు ముందరే చెప్పలే? ఒద్దన్నా, ఈ ఏడు పిలవాకు అని ఒక్క మాటంటే నేను పిలుస్తానా?"

ఆమె కుర్చీలోంచి పళ్ళ సంచి తీసుకుంది. ఫ్రాన్సిస్ కూడా ఆమె వైపే తిరిగాడు. అదే ప్రశ్న అతని కళ్ళలో కూడా అప్పుడే పుట్టింది.

సాల్మన్ రాజు వీధి మలుపు తిరిగేదాకా ఫ్రాన్సిస్ ఆగాడు.

"నిజమే గదా. ఎందుకు చెప్పలే?"

"మర్చిపోయినా."

"బియ్యం డబ్బాలో కొలత గ్లాసు యాడుండాదో ఇరవై ఏండ్లకి కూడా మర్చిపోవు నువ్వు."

"రూబెన్ నాయనా, నన్ను నిలదీయాకు. నీకు చేతులెత్తి మొక్కుతా."

"నిలదీస్తాండేది నేను కాదు." అతను గొంతు తగ్గించాడు. "కృపా, నాకూ కూతురే అది. నేను యానాడన్నా నోరు తెరిచినానా? బస్సులో ఆ వయసు పిల్ల ఎక్కితే టికెట్ కొట్టేటప్పుడు ముఖం చూసేటోన్ని కాదు. అట్ల గడిపేసినా. నీకేమో ఏటా మైకు కావాల్సొచ్చె. ఇంగ మిగిలిండేది నెలన్నర. ఆ నెలన్నర ఆయమ్మి ఈ ఇంట్లో ఉండాలంటే కరుణ చెప్పినట్లు చెప్పు. నిజం చెప్తే రేపే పోతాది."

"నిజం తెలిస్తే ఎందుకు పోతాది?"

"ఇచ్చేసినోళ్ళ ఇంట్లో ఎవరుంటారే?"

అప్పుడే గది తలుపు తెరుచుకుంది. దీవెన వచ్చింది. ముఖం కడుక్కుంది, జుట్టు ముడి వేసుకుంది. వాళ్ళిద్దరినీ దాటి వంటింట్లోకి వెళ్ళి, చల్లారిన కూరతోనే అన్నం కలుపుకుని, నిలబడే తింది. పళ్ళెం కడిగి బోర్లించింది. ఫోన్ తీసుకుని మిద్దె మెట్లు ఎక్కుతూ అంది.

"పెద్దమ్మా, రేపు ఆళ్ళగడ్డకు మీరు వస్తారు కదా?"

"వస్తా."

"వాళ్ళు తొందరగా మాట్లాడితే నాకు అర్థం కాదు. మీరు ఉండాలి."

అంతే. కోపం లేదు, దుఃఖం లేదు. ఇంకొకరైతే ఊరట పడి ఉండేవాళ్ళు. కృపమ్మ మెట్ల కింద నిలబడి పైకి చెవి పెట్టింది. ఇంగ్లీషులో మాటలు వినిపించాయి. చాలాసేపు ఆ పిల్ల వింటూనే ఉంది, అప్పుడప్పుడు ఒక్క మాట అంటోంది. ఎవరో స్నేహితురాలై ఉంటుందనుకుంది కృపమ్మ. అలా అనుకోవడం సులువుగా ఉంది.

* * *

బస్సు శిరివెళ్ళ దాటింది. ఎడమవైపు దూరంగా నల్లమల కొండలు బస్సుతో పాటే వస్తున్నట్టున్నాయి. దీవెన కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళో ఊపిరి కొలిచే మిషను సంచి.

ఈ ఆరువారాల్లో కృపమ్మ జీవితంలో బాగున్నవన్నీ ఈ బస్సులోనే జరిగాయి. కుదుపుకి ఆ పిల్ల భుజం తన భుజానికి తగలడం. సజ్జచేను చూపించి ఇదేంటని అడగడం. నిద్రలోకి జారి తల తన వైపు వాలడం. ఒకసారి ఆళ్ళగడ్డ స్టాండు వచ్చినా లేపకపోతే ఎలా ఉంటుందా అని కూడా ఆమె ఆలోచించింది. ఆ ఆలోచనకు తానే జడుసుకుంది.

తెల్లవారగానే కరుణకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. డ్యూటీలో ఉండి ఉంటుంది. ఏం చెప్పాలో నిన్ననే చెప్పేసింది కదా.

"దీవెనా."

"ఊఁ."

"నిన్న చర్చిలో సాల్మన్ రాజన్న అట్ల పిలిచింది..."

దీవెన కిటికీ నుంచి ముఖం తిప్పి చూసింది. ఆ చూపులో ఆత్రం లేదు. వింటానన్న ఓపిక ఉంది. ఆసుపత్రిలో ముసలివాళ్ళ దగ్గర ఆ పిల్ల అలాగే కూర్చుంటుంది.

"నేను నీ జ్ఞానతల్లినమ్మా. నీకు బాప్తీస్మం ఇచ్చిన నాడు నిన్ను ఎత్తుకోని నిలబడింది నేను. నీ తరఫున మాట ఇచ్చింది నేను. మా సంఘంలో అట్లాంటోళ్ళను తల్లి కిందే లెక్కేస్తారు. అందుకని ఆయన అట్లనె. నువ్వేమన్నా మనసులో పెట్టుకుంటివేమో అని."

మాటలు తాను అనుకున్నదానికంటే నున్నగా వచ్చాయి. ఎక్కడా తడబడలేదు. బాప్తీస్మం నాటి చీర రంగు కూడా చెప్పేదే, అడిగి ఉంటే.

"సరే పెద్దమ్మా," అంది దీవెన.

"సరేనా?"

"సరే."

మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. కృపమ్మ చేతిసంచి పట్టుకుని అలాగే కూర్చుంది. పని అయిపోయింది. కరుణకు చెప్పవచ్చు, ఫ్రాన్సిస్‌కు చెప్పవచ్చు. నెలన్నర మిగిలింది. కానీ ఇంత సులువుగా మాయమయ్యేదాన్నేనా తను ఇన్నాళ్ళూ కొంగు చాటున పెట్టుకుని మోసింది? అంత తేలిగ్గా ఎలా నమ్మింది? నమ్మకుండా ఒక్క మాట అడగవచ్చు కదా. మీరు నా అమ్మేనా అని ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే, అప్పుడు ఏమయ్యేదో.

కుదుపు వచ్చింది. ఈసారి దీవెన ముందు సీటు కమ్మీ పట్టుకుంది.

* * *

శిల్పి రాజశేఖర్ షెడ్డు రోడ్డు మీదికే ఉంటుంది. వాకిట్లో నల్లరాతి నందులు, తల ఇంకా తేలని అమ్మవార్లు, నడుము దాకా వచ్చి ఆగిపోయిన ఆంజనేయుడు. లోపల మగవాళ్ళు మిషన్లతో రాయి కోస్తుంటే, వెనక రేకుల కింద ఆడవాళ్ళు నీళ్ళు పోస్తూ, సానరాళ్ళతో రుద్ది విగ్రహాలకు నునుపు తెస్తారు. మనుషుల కనుబొమలు కూడా తెల్లగా ఉంటాయి.

ఆ పూట ఆడవాళ్ళ వంతు. దీవెన స్టూలు వేసుకుని, మిషను బల్ల మీద పెట్టి, కొత్త అట్టగొట్టం తగిలించింది. ముందు కొన్ని ప్రశ్నలు. పేరు, వయసు, ఎన్నేళ్ళుగా ఈ పని, దగ్గుందా, వంట కట్టెల మీదా గ్యాసు మీదా. ఆడవాళ్ళనైతే కాన్పుల సంగతి కూడా అడగాలి. ఆ ఆసుపత్రి వాళ్ళు ఏ శిబిరం పెట్టినా అది మామూలే.

సుబ్బలక్ష్మి వంతు వచ్చేసరికి ఆమె గొంతుక్కూర్చుని కదలనంది.

"ఆ గొట్టంలోకి నా ఊపిరి పోతే, మల్ల తిరిగి ఎవరిస్తారమ్మా?"

షెడ్డు లోపలి నుంచి రాజశేఖర్ అరిచాడు. "ఊదు సుబ్బలక్ష్మక్కా. ఇంట్లో మొగుని మీద అరిచేదాంట్లో సగం ఊదినా మిషను పగిలిపోతాది."

"నువ్వు గమ్మునుండప్పా. ముందు ఆ నందికి రెండు చెవులూ ఒకే తీరుగా పెట్టుకో పో. ఒకటి గాడిదకున్నెట్లుండాది." ఆడవాళ్ళు నవ్వారు. సుబ్బలక్ష్మి కృపమ్మ వైపు వేలు చూపింది. "ఈ అక్కను ఊదమను. రోజూ మాకు చెప్పేది, ఊదండి ఊదండి అని. ఈమె ఊది బతికుంటే నేనూ ఊదతా."

"నాకెందుకు సుబ్బక్కా? నేనేమన్నా రాయి పని చేస్తానా?"

"భయమా?"

దీవెన స్టూలు కృపమ్మ వైపు జరిపింది. "కూర్చోండి పెద్దమ్మా. మీది కూడా చూస్తే మంచిదే."

కృపమ్మ కూర్చుంది. దీవెన అందరినీ అడిగిన వరసలోనే మొదలుపెట్టింది.

"పేరు?"

"ఇంట్లో మనిషి పేరు తెల్దా బిడ్డకు?" అంది సుబ్బలక్ష్మి.

"అందరినీ అడిగినట్టే అడగాలి," అంది దీవెన, నవ్వకుండా.

"కృపమ్మ."

"వయసు?"

"యాభై నాలుగు."

"దగ్గు?"

"లేదు."

"ఉంది. తెల్లవారుజామున వస్తుంది. నేను గోడ అవతల నుంచి వింటాను." రాసుకుంది. "వంట?"

"గ్యాసు. ముందర కట్టెలు."

"కాన్పులు?"

ఒక్కటే అని చెప్పాలి. నాలుక మీద ఆ మాట సిద్ధంగా ఉంది. నోరు తెరిస్తే చాలు, పొద్దున బస్సులో చెప్పినంత నున్నగా జారి వస్తుంది. తడిసిన రాయి వాసన వేస్తోంది. రేకుల కింద ఆడవాళ్ళందరూ సానరాళ్ళు ఆపి చూస్తున్నారు. వాళ్ళందరూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళే. ఐదు అని చెప్పిందొకామె. రెండు పోయినాయి అని చెప్పింది. ఎవరూ లెక్క తగ్గించి చెప్పలేదు. పోయినవాళ్ళను కూడా కలిపే చెప్పారు.

"రెండు," అంది కృపమ్మ.

"మొన్న ఒక్క కొడుకే అంటివి గదక్కా?" అంది సుబ్బలక్ష్మి.

"కాన్పులు రెండు."

దీవెన పెన్ను ఆగలేదు. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆరువారాలుగా దాన్ని ఈ ఆడవాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పింది కృపమ్మే. ఇప్పుడు దీవెన తానే అడిగింది.

"ఇద్దరూ ఉన్నారా?"

"ఉండారు."

"మంచిది తల్లీ," అంది సుబ్బలక్ష్మి, గాలికి.

దీవెన గొట్టం ఆమె పెదవుల మధ్య పెట్టింది. "గాలి నిండా పీల్చండి. ఇప్పుడు ఊదండి. గట్టిగా. ఇంకా. ఇంకా. ఆపొద్దు. ఇంకా."

కృపమ్మ ఊదింది. లోపల ఏమీ మిగలకుండా ఊదింది. కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. మిషను చాలలేదంది. మళ్ళీ ఊదింది. ఆ పిల్ల చేయి తన వీపు మీద ఉందని కాసేపటికి గానీ తెలియలేదు. పడిపోతుందేమోనని రోగుల వీపు మీద పెట్టే చేయే అది. అయినా ఆమె కదలలేదు, ఆ చేయి ఉన్నంతసేపూ.

* * *

పని అయ్యాక షెడ్డు వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర దీవెన చేతులు కడుక్కుంటోంది. కృపమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది. అవతల మిషను మళ్ళీ మొదలైంది.

"దీవెనా. పొద్దున బస్సులో నేను చెప్పింది..."

"అమ్మ నిన్న సాయంత్రమే చెప్పింది."

చెంబులో నీళ్ళు పక్కకు పోయాయి.

"మిద్దె మీద నుంచి ఫోన్ చేసి అడిగాను. మొదట పెద్దాయనకు మతి లేదంది. తర్వాత ఏడ్చింది. తర్వాత అంతా చెప్పేసింది." దీవెన దుపట్టా కొసతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. "బస్సులో మీరు జ్ఞానతల్లి అన్నప్పుడు నాకు అన్నీ తెలుసు."

"తెలిసీ సరే అన్నావా?"

"మీరు ఇంకేమైనా చెప్తారేమో అని చూశాను. మీరు ఆగిపోయారు."

చెప్పొద్దని బైబిలు మీది ప్రమాణం గుర్తుచేసిన కరుణ ఒక్క పూట కూడా నిలవలేకపోయింది. చెప్పాలని ఏటేటా మైకు ముందు నిలబడిన తను, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ అంత నున్నగా అబద్ధం చెప్పింది.

"అమ్మ వస్తోంది. బుధవారం హైదరాబాదులో దిగుతుంది. నన్ను తీసుకుపోతానంటోంది. ఆసుపత్రి వాళ్ళకు చెప్తే ఇంటర్న్‌షిప్ ఇంకోచోట పూర్తి చెయ్యొచ్చు." దీవెన మాటలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటే పేర్చినట్టు చెప్పింది. "ఉండాలా, పోవాలా అనేది నేను అనుకోవాలి. అమ్మ కాదు, మీరు కాదు. దానికి నాకు ఒకటి తెలియాలి."

"అడుగు."

"నన్ను ఇచ్చిన రోజు నేను ఏడ్చానా?"

ఇంట్లో దానికొక కథ ఉంది. బిడ్డ హైదరాబాదు దాకా ఏడుస్తూనే పోయిందని చనిపోయేదాకా కృపమ్మ తల్లి చెప్పుకునేది. అది విని అందరూ కళ్ళు తుడుచుకునేవారు. కృపమ్మ కూడా.

"ఏడవలే," అంది కృపమ్మ. "కరుణ చంకన కూచోని, దాని మెళ్ళో గొలుసు నోట్లో పెట్టుకోని పోయినావు. ఎనక్కి తిరిగి చూడలే."

దీవెన తల ఊపింది. అది నచ్చిందో గుచ్చుకుందో తెలియలేదు.

"మీరు? అమ్మ చెప్పింది, మీరు ఏడ్చి ఏడ్చి స్పృహ తప్పి పడిపోయారని. సాయంత్రం దాకా లేవలేదని."

ఇది కూడా ఆ కథలోదే. లోకమంతా నమ్మిన ముక్క. ఫ్రాన్సిస్ నమ్మాడు, కరుణ నమ్మింది. ఆ నమ్మకం వల్లే కరుణ ఇన్నేళ్ళూ అక్క ముందు గొంతెత్తలేదు. ఔనని తల ఊపితే చాలు. ఈ పిల్ల ఉండిపోతుంది. ఏడ్చి పడిపోయిన తల్లి దగ్గర ఎవరైనా ఒక నెలన్నర ఉంటారు.

కృపమ్మ చెంబు డ్రమ్ము మూత మీద పెట్టింది.

"స్పృహ తప్పలే దీవెనా. నిద్రపోయినా."

దీవెన దుపట్టా కొస చేతిలోంచి వదిలింది.

"రెండేండ్లు నువ్వు రాత్రిళ్ళు పండుకోనిచ్చేదానివి కాదు. రూబెను ఒకపక్క, నువ్వొకపక్క. మిమ్మల్ని స్టేషను కాడ వదిలి ఇంటికొచ్చినా. ఇల్లు గమ్మున ఉండె. చాప మీద ఒరిగినా. నిద్రపట్టె. మనుషులొచ్చి ఏడ్చి పడిపోయిందంటే, నేను కాదనలే." కృపమ్మ తన చేతుల వంక చూసుకుంది. "హాయిగా ఉండెనమ్మా. ఆ మాట నేను దేవునికి కూడా ఎప్పుడూ చెప్పలే."

రోడ్డు మీద నంద్యాల బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు. దీవెన ముఖంలో ఏ మార్పూ లేదు. పొద్దుటి నుంచీ ఆ ఆడవాళ్ళందరినీ అడిగిన గొంతుతోనే, అంత నెమ్మదిగానే అడిగింది.

"ఆ హాయి ఎంతసేపు?"